గుయ్‌మనే పెట్టె

వాళ్ళు నాలుగింటికి వస్తామన్నారు. ఈలోగా ఆ గుయ్‌మనే చప్పుడు అంతు తేల్చాలి. తేల్చి, అది తన చేతి చలవ కాదని కూతురికి కూతురి చెవులతోనే వినిపించాలి. అంతకుమించి ఆ రికార్డు ప్లేయరుతో ఆమెకు పనిలేదు. ఆ తర్వాత అది ఆయనగారి వెంట ఆయన అక్కగారింటికి ఊరేగినా సరే, చెత్తబండి ఎక్కినా సరే. పొద్దున ఫోన్లో కూతురు అడిగిన మాట గొంతులో చేపముల్లులా అడ్డంపడింది, మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. ‘అమ్మా, నువ్వు కావాలనే పాడుచేశావంటున్నాడు నాన్న. నిజమేనా?’ నిజమేనా అట! కడుపున మోసి కన్న పిల్ల, జ్వరమొస్తే తన భుజం తప్ప ఇంకో చోటు ఎరగని పిల్ల, అడగాల్సిన మాటేనా అది? పైగా ‘చేసుంటే చెప్పెయ్యమ్మా, నేనేం అనుకోను’ అని ఒక కొసరు. అంటే చేసిందనే అనుకుంటోంది, క్షమించడానికి కూడా తయారుగా ఉంది జడ్జిగారు. పరీక్షలయ్యాక ఎవరి దగ్గరుండేదీ ఇవాళ వచ్చినప్పుడు చెప్తానంది. సరే రండి, తండ్రీకూతుళ్ళిద్దరూ కలిసే రండి, మీ తీర్పులూ మీరూ, అనుకుంటూ ఆమె కొంగు నడుముకి దోపి ముందుగదిలోకి నడిచింది.

కిటికీ పక్కన ఆ బల్ల. బల్ల అనకూడదు, స్టాండు అనాలి; ఆయన స్వహస్తాలతో గీసి, కొలిచి, టేకుచెక్క దగ్గరుండి కోయించి, మట్టం పెట్టి నిలబెట్టిన స్టాండు. డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం ఆఫీసులో వదిలేసి రావచ్చు కదా, రాడు, ఇంట్లోనూ గీతలే. స్టాండు మీద రికార్డు ప్లేయరు, దాన్ని ఆనుకుని కుడిపక్కన ఆంప్లిఫయర్, గదికి చెరో మూలా స్పీకర్లు. ఒక్కోదాని చుట్టూ సన్నగా చెక్కిన పెన్సిలుతో గీసిన గీత. దుమ్ము తుడిచేటప్పుడు వెంట్రుకవాసి జరిగినా ఇంట్లో అడుగుపెడుతూనే పట్టేసేవాడు. ‘గీత దాటింది’ అనేవాడు, ఇంట్లో పిల్ల ఎవడితోనో లేచిపోయినట్టు మొహం పెట్టి. మనుషుల చుట్టూ గీతలు గియ్యలేదు గానీ గీసినట్టే బతికారు తల్లీకూతుళ్ళిద్దరూ. రికార్డు తిరుగుతున్నంతసేపూ ఫ్యాను తిరక్కూడదు, మిక్సీ అరవకూడదు, కుళాయి కారకూడదు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో వీపు మీద చెమట కాలవలు కడుతుంటే గోడకి చేరగిలబడి విన్న సంగీతం అది. దాన్ని సంగీతమంటే సంగీతమే నవ్విపోతుంది. పిల్ల నడక నేర్చుకున్నదే మునివేళ్ళ మీద. ఇంటికొచ్చినవాళ్ళు ‘అబ్బ, మీ అమ్మాయి ఎంత నెమ్మదస్తురాలండీ’ అని మురిసిపోయేవారు. నెమ్మదా, నా మొహమా! అది భయమండీ బాబూ, అని ఒక్కరికైనా చెప్పింది కాదు, నవ్వి మంచినీళ్ళు ఇచ్చి పంపేది.

ఆంప్లిఫయర్ మీట నొక్కింది. ఎర్రలైటు వెలిగింది, ఓ క్షణం ఏమీ లేదు, తర్వాత మొదలైంది ఆ మూలుగు. గుయ్... ఎత్తూ లేదు, పల్లమూ లేదు, ఎక్కడ మొదలెట్టిందో అక్కడే సాగుతుంది. దాని మీద ఇంకోటి, సన్నగా బుస్సుమంటూ, ఎవరో పళ్ళ సందుల్లోంచి గాలి వదులుతున్నట్టు. ఒక్క పెట్టెకి రెండు రోగాలు. ఆమె రోజంతా చప్పుళ్ళ మధ్య బతికే మనిషే. డ్రైక్లీనింగ్ షాపు వెనకగదిలో జిప్పులు మార్చడం, ప్యాంట్ల అంచులు మడిచి కుట్టడం, కోట్లకి చిరుగు కనపడకుండా రఫ్ఫు చెయ్యడం ఆమె పని. మూడు కుట్టుమిషన్లు ఒక్కసారి తిరిగినా ఆమెకి తలనొప్పి రాదు, ఎందుకంటే అవి పనిచేస్తూ అరుస్తాయి. ఇది పనేమీ చెయ్యకుండానే మూలుగుతుంది, అచ్చం ఇంటాయనలాగే. దీని గురించి ఆమెకి తెలిసింది గుండుసున్నా. అయినా చిరుగు ఎక్కడుందో తెలియాలంటే గుడ్డని అంగుళం అంగుళం వెలుతుర్లో పెట్టి చూడాలని మాత్రం తెలుసు, అదే ఇక్కడా చేద్దామనుకుంది.

ముందు ప్లగ్గు. ఈ గోడది పీకి, తీగ పొడుగైంది కాబట్టి, తలుపు పక్క గోడకి పెట్టింది. గుయ్. ఫ్రిజ్ ఆపింది, ఫోను ఛార్జరు లాగేసింది, ట్యూబులైటు ఆర్పింది. గుయ్. ఫ్యాను సంగతి సరేసరి, ఆ ఫ్యాను ఈ ఇంట్లో తిరిగిందెప్పుడు గనక! ఒకసారి పై వాటావాళ్ళ నీళ్ళ మోటారు వల్లేనంటూ మెట్లెక్కి పోయాడు మహానుభావుడు. వాళ్ళు మోటారు ఆపి, మీట చూపించి, ఇదిగో సార్ ఆపేశాం అంటే ‘ఆపితే మరి ఎందుకు వస్తోంది?’ అని వాళ్ళనే నిలదీశాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పై వాటా ఇల్లాలు ఆ తర్వాత ఆమె ఎదురుపడితే జాలిగా చూడటం మొదలెట్టింది, ఆ జాలి చూపుకన్నా ఆ మోటారు నెత్తిన పడినా బాగుండేది. ఆ చుట్టుపక్కల ఉన్న మోటార్లన్నీ నిర్దోషులని తేలాక ఇక మిగిలింది ఎవరు? ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు చివరికి వచ్చి ఆమె మీదే పడింది. ‘నువ్వు ముట్టుకున్నావు.’ తుడవకపోతే దుమ్మంటాడు, తుడిస్తే ముట్టుకున్నావంటాడు. మరి గాల్లోంచి తుడవాలా?

వెనకవైపు వంగి చూసింది. ప్లేయరు నుంచి రెండు లావు తీగలు, ఒకటి ఎరుపు ఒకటి తెలుపు, వాటితో పాటు సన్నటి నల్ల తీగ ఒకటి వచ్చి ఆంప్లిఫయర్ వెనకున్న చిన్న స్క్రూ కింద దూరింది. ఇదే ఆ ఎర్త్ తీగ. పోయినేడు ఓ మెకానిక్కుని పిలిపించారు. అతను కుర్చీలో కూడా కూర్చోకుండా, ‘ఇలాంటి చప్పుడు మామూలుగా ఎర్త్ తీగ వదులైతే వస్తుందండీ’ అన్నాడు. వదులైందో లేదో చూడనైనా లేదు, ఫోను మోగితే మాట్లాడుతూ వెళ్ళిపోయాడు. అంతే, ఆయన తల తిప్పి ఆమెని చూసిన చూపు! ఆ తీగని ఈవిడే రాత్రీపగలూ గోటితో తోడేస్తోందన్నట్టు. ఆయన అక్కగారు ఆ రోజు ఇక్కడే ఉంది, ఆమె ఏ వస్తువూ ముట్టుకోదు గానీ అన్నిటి గురించీ మాట్లాడుతుంది. ‘కొందరి చేతులకి ఊరుకోవడం తెలీదురా తమ్ముడూ’ అంది, కప్పులో చక్కెర కలుపుకుంటూ. కందకి లేని దురద కత్తిపీటకెందుకో! వదినా, మీ చేతులు ఊరుకోబట్టేగా మీ ఇంట్లో పనులన్నీ మీ కోడలు చేస్తోంది, అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళలో ఎన్ని మాటలు నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయాయో, అవన్నీ పోయి ఎక్కడ చేరాయో, ఒక్కోసారి అన్నం సహించకపోతే అవే అనుకునేది.

స్క్రూ వదులు చేసి నల్ల తీగని బయటికి లాగింది. గది గోడలు దద్దరిల్లేలా బొంయ్‌మని లేచింది చప్పుడు, గబుక్కున మళ్ళీ దూర్చేసింది. బిగించింది. పాత గుయ్ పాతచోటికి వచ్చింది. అంటే ఈ తీగ దాని పని అది చేస్తూనే ఉంది, పాపం. ఇన్నాళ్ళూ నాలాగే ఉత్తపుణ్యానికి తిట్లు తింది. ఆ మెకానిక్కు ఇప్పుడు ఎదురైతే బాగుండును, కాలరు పట్టుకుని తీసుకొచ్చి ఈ స్క్రూ ముందు గోడకుర్చీ వేయించేది.

గడియారం చూసింది. ఇంకా టైముంది. ఎరుపు తీగ తెలుపులో, తెలుపు ఎరుపులో మార్చి పెట్టింది. రెండు స్పీకర్లూ ఒకేలా ఏడ్చాయి, మళ్ళీ సరిచేసింది. ఇక మిగిలింది ఆ చెయ్యి. రికార్డు మీద వాలే ఆ సన్నటి వెండి చెయ్యి, దాని కొసన అగ్గిపెట్టెలో సగం ఉండే ముక్క, ఆ ముక్క కింద కంటికి ఆననంత ముల్లు. దాన్ని ముట్టుకోవడం ఈ ఇంట్లో మహాపాపం. ఓసారి పిల్ల, బడికి కూడా పోని వయసులో, ముల్లు మీద వేలు పెట్టిందని ఆయన కొట్టలేదు, తిట్టలేదు, మధ్యాహ్నం నుంచి మర్నాడు దాకా దానితో మాట్లాడలేదు అంతే. పిల్ల వచ్చి ‘నాన్నకి నేను కనిపించట్లేదా అమ్మా’ అని అడిగింది. ఆ పిల్లే, ఆ పిల్లే ఇవాళ నాన్న పక్షం! ఏం తినిపించాడో, ఏం చెప్పాడో. మెత్తగా మాట్లాడతాడు కదా, మెత్తగా మాట్లాడేవాడిదే నిజమనుకుంటుంది లోకం. గొంతు పెంచినవాళ్ళది తప్పు. మనం అరిచింది ఒక్కసారే, నెల కిందట, ‘నేను ముట్టుకుంటే నా చేతులు విరిగిపోవాలి’ అని. ఆ ఒక్క అరుపు చాలింది ఆయనకి చెప్పులేసుకుని అక్కగారింటికి నడవడానికి. పిల్ల కూడా పుస్తకాలు సర్దుకుని వెనకే పోయింది, అక్కడైతే నిశ్శబ్దంగా చదువుకోవచ్చట. నిశ్శబ్దం! నీకోసం ఈ ఇంట్లో దగ్గు కూడా కొంగులో మూటకట్టుకుని దగ్గిన దాన్ని నేను.

రఫ్ఫు పెట్టె తెచ్చి సన్నమూతి పట్టకారు, బొద్దింక మీసమంత బ్రష్షు, భూతద్దం తీసింది. ముక్కకి వెనక నాలుగు బుల్లి తీగలు, నాలుగు రంగులు, సూదిమొనల్లాంటి పిన్నులకి తొడిగి ఉన్నాయి. భూతద్దంలో చూస్తే ఒక పిన్ను మీద పచ్చగా చిలుము పట్టింది. హమ్మయ్య, మురికి! ఆమె మురికిని చూసి అంత సంతోషపడటం ఇదే మొదలు. తీగని పట్టకారుతో మెల్లిగా లాగి, దూదికి స్పిరిట్టు అద్ది పిన్నుని తుడిచి మళ్ళీ తొడిగింది. బుస ఆగింది. ఆగింది! గుయ్ మాత్రం అలాగే ఉంది గానీ ఆ పాము బుస మాత్రం పోయింది. చిలుము పట్టింది నా చేత్తోనా, ఆయన కొనుక్కొచ్చిన ఏదో ద్రావకం వల్లా? వారం వారం బొట్టు బొట్టుగా వేసి శుభ్రం చేస్తున్నానంటూ... ఆ పని ఆయనదే కదా, అది ఇంకెవరూ చెయ్యకూడదు కదా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ముల్లు దగ్గర చిలుము పెంచింది ఆయన, నింద మోసింది తను. ఇది కూతురికి చెప్పాలి. పట్టకారుతో సహా చూపించాలి.

అసలు ఈ ముల్లు దగ్గరే మొదలైంది ఈ కాపురం. పెళ్ళి మాటలు నడుస్తున్నప్పుడు ఆయన గదిలో, పెద్దవాళ్ళంతా అవతల మాట్లాడుకుంటుంటే, ఆయన ఒక రికార్డు పెట్టి ‘ఇక్కడ వినండి’ అన్నాడు. అప్పట్లో మీరు అనేవాడు. పాట పాడే ఆవిడ పల్లవి ఎత్తుకునే ముందు చిన్నగా ఊపిరి పీల్చుకుంటుంది, ఆ ఊపిరి వినిపించింది. ‘వినిపిస్తోందా?’ అని కళ్ళు పెద్దవి చేసి అడిగాడు. వినిపిస్తోందండీ, అంది. ఆ కళ్ళు చూసి చేసుకుంది. ఛీ, ఊపిరి విని మొగుణ్ణి ఎంచుకున్న ఆడది తనొక్కతే అయుంటుంది లోకంలో. ఆ తర్వాత ఆ ప్రశ్న పోలేదు, ‘వినిపిస్తోందా?’ అని రోజూ అడిగేవాడు గానీ ఊపిరి గురించి కాదు, ఈ గుయ్ గురించి. కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, ‘ఇదిగో, ఇక్కడ, వస్తోందా?’ మొదట్లో జాగ్రత్తగా వినేది. వచ్చినప్పుడు వచ్చిందనేది, రానప్పుడు రాలేదనేది. రాలేదంటే ఇంకో గంట కూర్చోవాలి, సరిగ్గా వినమనేవాడు, నీకు చెవుల్లేవా అనేవాడు. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే ఎవరు వింటారండీ? ‘ఆ, వస్తోంది, వస్తోంది’ అనడం అలవాటు చేసుకుంది. అంటే వదిలేసేవాడు. ఆదివారం మధ్యాహ్నం ఓ కునుకు తీసి లేచి ‘పెట్టె ఆపలేదా, గుయ్‌మంటోంది’ అని గదిలోంచి అరిచేవాడు. ఆపే ఉండేది. ఆపే ఉందంటే లేచి వచ్చి రచ్చ. అందుకని వెళ్ళి మీట టక్కున వేసి టక్కున ఆపి, ‘ఆపేశానండీ’ అనేది. అప్పుడు గానీ అటు తిరిగి పడుకునేవాడు కాదు. సాధింపు కాకపోతే ఏమిటది? మనిషిని కూర్చోనివ్వకూడదు, నిలబడనివ్వకూడదు, అంతే.

ముల్లుకి అంటిన నూగు దులుపుదామని వెండి చేతిని దాని కొక్కెం లోంచి లేపింది. ఆంప్లిఫయర్ ఆపడం మరిచిపోయింది, కంగారు. చేతిని రికార్డు మధ్యవైపు, అంటే ఎడమకి జరుపుతుంటే గుయ్ కాస్త తగ్గినట్టనిపించింది. ఆగింది. వెనక్కి, కుడివైపు కొక్కెం దగ్గరికి తెచ్చింది: పెరిగింది. మళ్ళీ ఎడమకి: తగ్గింది. కుడికి: పెరిగింది. కుడివైపు ఏముంది? ఆనుకుని ఆంప్లిఫయర్ ఉంది, దాని పొట్టలో ఇటుకంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, చెయ్యి పెడితే ఎప్పుడూ గోరువెచ్చగా తగిలే చోటు. ఆ ఇటుకే ఈ ముల్లుకి దగ్గరై దాని చెవిలో ఊదుతోంది! మరి ఇన్నేళ్ళలో దాన్ని ఇంత పక్కకి జరపాలని ఎవరికీ ఎందుకు తట్టలేదు? ఎందుకేమిటి, గీతలు! ఎక్కడ పెట్టాలో ఆయన గీసేశాడు కదా. ఆయన గీసిన గీత తప్పవుతుందా, అమ్మమ్మ!

ముక్కాలిపీట తెచ్చి స్టాండుకి కుడిపక్కన వేసింది. ఆంప్లిఫయర్ని రెండు చేతులా ఎత్తి, బిడ్డని మార్చినట్టు పీట మీదకి మార్చింది, తీగలు అందినంత దూరం. స్టాండు మీద పెన్సిలు గీత ఒక్కటే ఉత్తి చతురస్రంగా మిగిలింది. మీట నొక్కింది. ఎర్రలైటు. ఓ క్షణం ఏమీ లేదు. ఇంకో క్షణం. ఇంకా ఏమీ లేదు. మీట సరిగ్గా పడలేదేమోనని వంగి చూసింది, లైటు వెలుగుతూనే ఉంది. గొంతు పెంచే గుండీని సగం తిప్పింది, ముప్పావు తిప్పింది, ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ తిప్పనంత దూరం తిప్పింది. స్పీకరు గుడ్డకి చెవి ఆనిస్తే ఎక్కడో దూరంగా ఊక రాలినట్టు ఒక పిసరు, అంతే. ‘గీత దాటిందండోయ్!’ అని ఖాళీ గదిలో పైకే అరిచింది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, ఏడుపుని మింగి కోపం తెచ్చుకుంది, అదైతే పనికొస్తుంది. జానెడు! ఒక్క జానెడు జరిపితే పోయేదానికి ఇంటిల్లిపాదినీ ఇన్నేళ్ళు ఉడకబెట్టాడు. రానీ. ఏమీ మాట్లాడను, వినిపిస్తాను. నా కూతురు చిట్టి ముందు వినిపిస్తాను. దాని మొహంలోకి చూస్తూ వినిపిస్తాను.

తలుపు చప్పుడైంది. ముందు కూతురు వచ్చింది, నెల కిందటికన్నా చిక్కింది, లేక జుట్టు పైకి కట్టడం వల్ల అలా ఉందో. వెనక ఆయన, చేతిలో తాళ్ళూ పాత దుప్పటీ, పెట్టెని చుట్టి తీసుకుపోవడానికి. అక్కగారు కింద బండిలోనే కూర్చుందట, మోకాళ్ళ నొప్పులు. ఆయన గడపలోనే ఆగి స్టాండు వైపు చూశాడు. ఖాళీ గీతల్ని చూశాడు. పీట మీది ఆంప్లిఫయర్ని చూశాడు.

“చూశావా తల్లీ? నే చెప్తే నమ్మవుగా. కదిపేసింది.”

“కదిపాను. ఈ చేతుల్తోనే కదిపాను,” అంది ఆమె. “కదిపాకే పోయింది మీ గుయ్. కూర్చోండి, వినండి. నువ్వూ కూర్చో చిట్టీ.”

“అమ్మా, గొడవొద్దు. తీసుకెళ్ళిపోతాం.”

“గొడవ కాదే. నువ్వు పొద్దున ఒకటి అడిగావుగా, దానికి జవాబు.”

ఆయన ఎప్పటి కుర్చీలో ఎప్పటిలాగే కూర్చున్నాడు, కళ్ళు మూసుకుని, చూపుడువేలు కణతకి ఆనించి. ఆమె రికార్డు పెట్టి ముల్లు దించింది, పాట ఇంకా మొదలవని మొదటి చుట్ల మీదకి, గుండీ బాగా పెంచి. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పాడే ఆవిడ పీల్చిన ఊపిరి గదిలో పక్కనే ఎవరో పీల్చినట్టు వచ్చింది. కూతురు కళ్ళు పెద్దవయ్యాయి, ఆ కళ్ళు తండ్రివే. “అమ్మా! రావట్లేదు! అసలేం రావట్లేదు!” అంది, చిన్నప్పుడు బడిలో బహుమతి తెచ్చినప్పటి గొంతుతో. ఆ గొంతు వినే కదా బతికింది ఆమె. వదిలెయ్యచ్చు అక్కడితో. గెలుపు చేతిలో పడింది, చాలు, అనుకోవచ్చు.

“వస్తోంది,” అన్నాడు ఆయన, కళ్ళు తెరవకుండానే.

“ఎక్కడ నాన్నా?”

“పాట కింద. ఇదిగో, గుయ్... ముందుకన్నా సన్నగా వస్తోంది, అంతే. ఏం జరిపి ఏం లాభం? లోపల ఏదో చేసింది.”

రక్తం నెత్తికెక్కడమంటే ఏమిటో ఆమెకి అప్పుడు తెలిసింది. ముల్లు ఎత్తేసింది. పాట ఆగింది. “ఇప్పుడో?” అంది. వస్తోందన్నాడు. ఆంప్లిఫయర్ మీట ఆపేసింది, టక్కుమన్న చప్పుడు ఆయనకి వినపడకుండా కొంగు అడ్డంపెట్టి. ఎర్రలైటు ఆరిపోయింది. “ఇప్పుడు?” వస్తూనే ఉంది, ఇంకా స్పష్టంగా, అన్నాడు. గోడ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు పీకింది. పీకి, దాన్ని పట్టుకుని వచ్చి కూతురి కళ్ళ ముందు, చచ్చిన ఎలుకని తోకపట్టి చూపించినట్టు, పైకెత్తి చూపించింది. చూడవే. చూడు మీ నాన్నని. ఎవరు అబద్ధమో ఇప్పుడు చెప్పు.

“ఇదిగో ఇప్పుడు చూడు, పెరిగింది,” అన్నాడు ఆయన. “పెంచావా?”

ఆయన కళ్ళు తెరిచాడు. ఆమె చేతిలో ప్లగ్గు చూశాడు. దాని వెంట తీగని చూశాడు, ఆంప్లిఫయర్ దాకా. గోడలో ఖాళీగా ఉన్న రంధ్రాలు చూశాడు. కణత మీది వేలు మెల్లిగా జారి చెవి దగ్గరికి వచ్చింది, చెవిని నొక్కింది, వదిలింది, మళ్ళీ నొక్కింది.

“చిట్టీ, నీకు రావట్లేదా?”

“లేదు నాన్నా.”

ఆయన ఆమె వైపు తిరిగాడు. ఆ చూపులో తిట్టు లేదు, అనుమానం లేదు, ఆ గదిలో ఇన్నేళ్ళలో ఆమె ఎరగని చూపు. “నీకు?”

ఇదే. దీనికోసమే కదా పొద్దున్నుంచీ. “లేదు,” అంది. అనగానే నోట్లో పడ్డ మిరపగింజని ఉమ్మేసినంత హాయిగా ఉంది.

“మరి ఇన్నాళ్ళూ వస్తోందనేదానివిగా,” అన్నాడు. నెమ్మదిగా, లెక్క సరిపోని పిల్లాడిలా. “అడిగినప్పుడల్లా వస్తోందనేదానివిగా. నేను... నీకూ వస్తోందిగా అనుకున్నాను.”

“అనకపోతే వదిలేవారా మీరు? ఒక్కనాడు వదిలారా? ఆపిన పెట్టెని మళ్ళీ మళ్ళీ ఆపి వచ్చాను నేను, మీ నోరు మూయించడానికి!” ఆ గదిలో అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. “నా చెవులు బాగున్నాయి. నా చేతులూ బాగున్నాయి. పాడైంది ఏదో ఇప్పుడు తెలిసిందిగా?”

కూతురు లేచింది. ఇటు వస్తుందనుకుంది ఆమె. ప్లగ్గు ఎడమచేతిలోకి మార్చుకుని కుడిచెయ్యి ఖాళీ చేసుకుంది కూడా. కూతురు కుర్చీ దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, తండ్రి చెవి మీది చేతిని తీసి తన రెండు చేతుల్లో పెట్టుకుంది. “ఎన్నాళ్ళనుంచి నాన్నా? నొప్పుందా? ఏ చెవి?” ఆయన ఏ చెవో చెప్పలేకపోయాడు. తెలీదన్నాడు. ఎప్పుడూ బయటినుంచే అనుకున్నానన్నాడు. కింద బండిలోంచి అక్కగారు హారను కొట్టిస్తోంది, ఒకసారి, రెండుసార్లు.

“పద నాన్నా, డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఈ పెట్టె సంగతి తర్వాత.”

“చిట్టీ,” అంది ఆమె. “నేను పాడుచెయ్యలేదని తేలిందా, లేదా?”

“తేలిందమ్మా.”

“మరి?”

“మరేంటి?” కూతురు తల తిప్పి చూసింది. కోపంగా కూడా కాదు, అలసటగా. “ఆపిన పెట్టెని ఆపొచ్చానంటున్నావు. అంటే ఆపి ఉన్నా నాన్నకి వినపడుతోందని నీకు తెలుసు. ఇన్నేళ్ళు పక్కనే ఉన్నావు కదమ్మా. ఒక్కసారైనా అనుమానం రాలేదా?”

ఎన్ని జవాబులు! చెమటతో తడిసిన జవాబులు, మునివేళ్ళ మీద నడిచిన జవాబులు, కొంగులో దగ్గిన జవాబులు, అన్నీ ఒక్కసారి తోసుకొచ్చి గుమ్మం దగ్గర ఇరుక్కుపోయాయి. సాధింపనుకున్నానే, పిచ్చిదానా, సాధింపనుకున్నాను. నీకు సాధింపు అనిపించలేదా, నువ్వూ ఇక్కడే పెరిగావుగా? అది కూడా నోరు దాటలేదు. కూతురు అప్పటికే ఆయన్ని లేపింది, దుప్పటి మడిచి చంకలో పెట్టుకుంది. పరీక్షలయ్యాక కూడా అక్కడే ఉంటానమ్మా, నాన్న ఇలా ఉంటే ఎలా వదిలేస్తాను, అంది గుమ్మం దగ్గర. చెప్పులు తొడుక్కునేటప్పుడు ఆయన గోడ పట్టుకున్నాడు. మొన్నటిదాకా గీత గీస్తే చెయ్యి వణకని మనిషి.

ఆమె మెట్ల మీదకి వచ్చి కటకటాల మీంచి కిందకి వంగింది. చేతిలో ప్లగ్గు ఇంకా అలాగే ఉంది, దాని వెనక తీగ గదిలోకి బిగిసి లాగుతోంది.

“వెళ్ళండి! వెళ్ళి ఆ డాక్టరుక్కూడా నేనే చేశానని చెప్పండి!” అని అరిచింది. “చెప్పండి! నమ్ముతాడు! అందరూ నమ్ముతారు!”

కిందనుంచి కూతురి గొంతొక్కటే వినపడింది, మెత్తగా, జాగ్రత్తగా, చిన్నపిల్లాణ్ణి నడిపిస్తున్నట్టు. “మెట్టు నాన్నా... ఇంకో మెట్టు... నన్ను పట్టుకో.”